‘అది నవల’ అని మీరిచ్చిన జవాబు గురించి

లండన్ వాయవ్య ప్రాంతమైన హారో నుంచి 51 ఏళ్ల పాఠకురాలొకరు ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. తాను రాసిన నవలలోంచి మూడు అధ్యాయాలు కూడా దానితో జతచేశారు. మనిషిని పోల్చుకునే వీలున్న వివరాలు మార్చి, ఉత్తరంలోని సంగతులను క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెది తెనాలి. వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివి, 1999లో పెళ్లయి, 2003లో భర్త ఉద్యోగం వెంట ఇంగ్లండు వెళ్లారు. పిల్లలు బడికి వెళ్లేదాకా ఇంట్లో ఉండి, పదహారేళ్లుగా ఒక స్థానిక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నారు. కూతురు మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తోంది, కొడుకు లీడ్స్‌లో చదువుకుంటున్నాడు. రెండున్నరేళ్ల కిందట తెనాలిలో ఆమె తల్లి పోయారు. పెద్దకర్మ కాగానే సెలవు అయిపోయి తిరిగి రావలసి వచ్చింది. అప్పటినుంచి తెల్లవారుజామున మూడింటికి మెలకువ రావడం, ఒళ్లంతా ఆవిర్లు కమ్మడం, మళ్లీ నిద్ర పట్టకపోవడం మొదలయ్యాయి. అలాంటి వేళల్లో వంటింట్లో కూర్చుని ఫోన్‌లో తెలుగులో టైపు చేసుకుంటూ ఏడాదిన్నరలో 27 అధ్యాయాల నవల పూర్తి చేశారు.

నవలలో వసుధ అనే యాభై ఏళ్ల తెలుగు ఇల్లాలు ఒక సోమవారం ఉదయం మెట్రోపాలిటన్ లైను రైలులో, దిగవలసిన స్టేషన్ వచ్చినా దిగదు. చివరి స్టేషన్ ఆల్డ్‌గేట్ దాకా వెళ్లి, ప్లాట్‌ఫాం మీది బల్లపై కూర్చుని, పొద్దున తొమ్మిదిం పావుకే డబ్బా మూత తీసి దద్దోజనం తింటుంది. అక్కణ్నుంచి ఆమె జీవితం గాడి తప్పుతుంది. కౌన్సిల్ వారు కూరగాయలు పండించుకోవడానికి ఏడాది అద్దెకిచ్చే అలాట్‌మెంట్‌లో ఆమెకో చిన్న మడి ఉంది. పక్క మడి ఒక రిటైరైన బస్సు డ్రైవరుది, భార్య పోయిన మనిషి. ఆయన రూబార్బ్ కాడలిస్తే ఈమె గోంగూర కట్ట ఇస్తుంది. ఇరవై మూడో అధ్యాయంలో వాన కురుస్తున్న ఒక సాయంత్రం వసుధ ఆయన ఇంటికి వెళుతుంది. ఇరవై ఏడో అధ్యాయంలో సొంత ఇల్లు వదిలి ఒక గది అద్దెకు తీసుకుంటుంది.

ఈ పాఠకురాలికీ అలాట్‌మెంట్‌లో ఒక మడి ఉంది, పక్క మడిలో ఒక పెద్దాయనా ఉన్నారు. “టీ తాగడం తప్ప ఏమీ జరగలేదు” అని ఆమె ఉత్తరంలో రెండుసార్లు రాశారు. నవలలోని భర్త ప్రతి ఆదివారం సాయంత్రం మెట్ల కింది అలమర తెరిచి, టార్చి లైటు వేసి, గ్యాసు, కరెంటు మీటరు అంకెలను నల్ల అట్ట నోటుపుస్తకంలో రాస్తాడు. అసలు భర్త అలవాటూ అదే. అంకెలను దానంతటదే పంపే స్మార్ట్ మీటరు పెడతామంటే ఒప్పుకోలేదట. (ఈ వివరం మార్చనా అని ఆలోచించాను. ఆ దేశంలో అలాంటి పుస్తకం రాసే భర్తలు కోకొల్లలు కనుక ఉంచేశాను.)

ప్రింటర్‌లో మరచిపోయిన కాగితాలను ఆయన చదివారు. మూడు రోజుల తర్వాత సరుకులకు వెళుతూ కారులో ఒకటే అడిగారు: “ఇరవై మూడో అధ్యాయం నిజమేనా?” ఆమె “అది నవల” అన్నారు. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ ఆదివారం నుంచి నోటుపుస్తకం మాత్రం తీయడం లేదు. ఈలోగా ఒక అంతర్జాల పత్రిక నవలను ధారావాహికగా వేస్తామని ఒప్పుకుని, సొంత పేరో కలం పేరో నెలలోగా తేల్చమంది. హైదరాబాదు నుంచి ఆడపడుచు ఫోన్ చేసి “మా అన్నయ్యను నలుగురిలో పలచన చేయకు వదినా” అంది. కూతురు “వేసెయ్ అమ్మా, అది నీ కథ” అంది. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు.

వేయించాలా, వద్దా, కలం పేరు పెట్టుకుంటే సరిపోతుందా అన్నవి ఆమె ప్రశ్నలు. ఉత్తరంలో చివరి వాక్యం ఇది: “నేను నవల రాశానో, ఇల్లు వదలడానికి సన్నాహం చేసుకున్నానో నాకే తెలియడం లేదు.”

అమ్మా,

మీ చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దానికి ముందున్న ఎనిమిది పేజీలూ దాని చుట్టూ తిరిగినవే. అచ్చు వేయించడం ఒక నిర్ణయం, కాపురం మరొక నిర్ణయం. మీరు రెండింటికీ ఒకే ముడి వేశారు. నవల వస్తే కాపురం సంగతి దానంతటదే తేలిపోతుందని మీకు లోలోపల ఒక ఆశ ఉందేమో చూసుకోండి. ఆయన వారం వారం చదువుతారు, చివరి అధ్యాయానికి వచ్చేసరికి ఏదో ఒకటి జరుగుతుంది, మీరు నోరు విప్పనక్కర్లేకుండానే ఇద్దరిలో ఒకరు నిర్ణయం తీసేసుకుంటారు. ఇది నా ఊహ మాత్రమే, తప్పయితే కొట్టేయండి. నిజమైతే మాత్రం, 27 వారాల పాటు నలుగురి ముందు భర్తకు రాసే ఉత్తరానికి ధారావాహిక అని పేరు పెట్టినట్టవుతుంది.

ఇప్పుడు కారులో జరిగిన సంభాషణ. మీ వారు అడిగింది ఒక ప్రశ్నే అయినా అందులో రెండున్నాయి. ఆ పెద్దాయనతో ఏమైనా జరిగిందా అన్నది పైకి వినబడినది. ఇరవై అయిదేళ్లు కలిసి బతికాక నీకు నేను కనిపించింది ఇంతేనా అన్నది వినబడనిది. “అది నవల” అన్న మీ జవాబు సాహిత్యపరంగా నూటికి నూరుపాళ్లూ సరైనది. ఆయన అడిగిన రెండింటిలో ఒక్కదానికీ అది జవాబు కాదు. మొదటిదానికి నాకు రెండుసార్లు రాసిన వాక్యాన్ని ఆయనకు ఒక్కసారి చెప్పగలరు. కాని రెండుసార్లు ఎందుకు రాయవలసి వచ్చిందో ముందు మీరు ఆలోచించుకోవాలి. టీ తాగినంత మాత్రాన తప్పేమీ లేదు. మీ అమ్మగారి పెరటి మొక్కల గురించి గంటసేపు ఆసక్తిగా విన్న మనిషి ఒకరు దొరికారని మీరే రాశారు. ఆ గంట మీకు అంత అపురూపం ఎందుకయిందో మీ వారికి చెప్పడం, ఏమీ జరగలేదని చెప్పడం కన్నా కష్టం. చెప్పవలసింది అదే.

రెండో ప్రశ్న కోసమే మీ నవల గురించి నాలుగు మాటలు, నన్ను పాఠకుడిగానే అనుకోండి. ఆల్డ్‌గేట్ దృశ్యం బాగుంది. డబ్బా మూత తీయగానే ఆవాల పోపు వాసనకు పక్కనున్నావిడ తల తిప్పి చూడడం, వసుధ సిగ్గుపడబోయి పడకపోవడం, స్పూను మరచిపోయి చేత్తోనే తినడం, ఈ పేజీన్నర చేయి తిరిగిన వాళ్లు రాసినట్టుంది. కాని భర్త పాత్ర? మీరు పంపిన మూడు అధ్యాయాలలో అతను మాట్లాడిన వాక్యాలను లెక్కపెట్టాను. పదకొండు. అందులో ఎనిమిది బాయిలరు గురించీ బిల్లుల గురించీ. బస్సు డ్రైవరుకు మాత్రం బాల్యం ఉంది, పోయిన భార్య ఉంది, మోకాలి నొప్పి ఉంది, హాస్యం ఉంది. భర్తకు నోటుపుస్తకం ఉంది.

మీ ఉత్తరం మాత్రం ఇంకో మనిషిని చూపించింది. అమ్మగారు పోయారని రాత్రి ఫోన్ వచ్చిన గంటలోపు ఆయన టికెట్ తీశారనీ, హీత్రో దాకా ఒక్క మాటా మాట్లాడకుండా కారు నడిపారనీ, లోపలికి వెళ్లబోతుంటే చేతిలో ఒక సంచి పెట్టారనీ, విమానంలో తెరిచి చూస్తే మందులూ, శాలువా, ఒక డబ్బాలో పెరుగన్నమూ ఉన్నాయనీ అయిదో పేజీలో రాశారు. మరుక్షణమే సంగతి మార్చేశారు. ఆ డబ్బా నవలలోకి ఎందుకు రాలేదు? వచ్చి ఉంటే ఆల్డ్‌గేట్ బల్ల మీద వసుధ మూత తీసినప్పుడు పాఠకుడి గొంతులో ఏదో అడ్డుపడేది. ఇల్లు వదలడం ఇంత తేలికగా జరిగేదీ కాదు. అందుకే అది రాలేదని నా అనుమానం. ఆయన మంచివాడని రుజువు చేయడానికి ఇది చెప్పడం లేదు. మాట లేని మనిషితో పాతికేళ్లు బతకడంలోని ఒంటరితనం నిజమైనదే, పెరుగన్నం దానికి పరిహారం కాదు. కాని ఆ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయన్నదే కదా మీ బాధ, దానిని మీ నవల దాటవేసింది.

మీరుండే నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. పెనలపీ ఫిట్జెరాల్డ్ అనే ఆవిడ 1960ల తొలి ఏళ్లలో భర్తా పిల్లలతో బాటర్సీ దగ్గర థేమ్స్ నది మీద ఒక పాత పడవలో కాపురముంది. ఆ పడవ మునిగిపోయింది. ఆవిడ మొదటి పుస్తకం వచ్చినప్పుడు వయసు 58. పడవ కాపురం నవలగా వచ్చింది 1979లో, భర్త పోయిన మూడేళ్లకు. దానికే ఆ ఏడాది బుకర్ బహుమతి వచ్చింది. అందులోని భర్త పడవలో ఉండడు, నగరంలో మరెక్కడో వేరుగా ఉంటాడు. భర్త పోయేదాకా ఆగమని నా అర్థం కాదు, దేవుడు ఆయనను చల్లగా చూడాలి. జరిగినదానికీ రాసినదానికీ మధ్య ఆవిడకు పదిహేనేళ్లు పైగా దొరికాయి, మీరు వ్రాతప్రతిని వేడి తగ్గకముందే పత్రికకు పంపారు. యాభై దాటాక ఇక సమయం లేదన్న తొందర మిమ్మల్ని తరుముతున్నట్టుంది. రచన విషయంలో ఆ తొందరకు ఆధారం లేదు.

తొందర మాట వచ్చింది కనుక ఒంటి సంగతి. మీరు ఆవిర్లనూ, మూడింటి మెలకువనూ, కారణం లేని చిరాకునూ అమ్మగారి మరణం ఖాతాలోనే వేసేశారు. దుఃఖం ఉంది, కాదనను. అయితే బ్రిటన్‌లో స్త్రీలకు ముట్లుడిగే సగటు వయసు 51, మీ వయసూ అదే. నలభై అయిదు దాటినవారికి ఈ లక్షణాలు ఉంటే సాధారణంగా రక్తపరీక్ష కూడా అక్కర్లేకుండానే జీపీ, అంటే మీ పేరు నమోదైన స్థానిక డాక్టరు, నిర్ధారించి చికిత్స గురించి మాట్లాడతారు. హార్మోన్ చికిత్స అందరికీ సరిపడదు, కొందరికి ముప్పు ఉంటుంది. మీ ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా, మీకు రక్తం గడ్డకట్టిన సందర్భం ఉందా అన్నవి దాచకుండా చెప్పాలి. సరిపడితే, రెండు మందుచీటీల రుసుము ఒక్కసారి కట్టి ఏడాదంతా ఆ మందులు తీసుకునే వీలు 2023 ఏప్రిల్ నుంచి ఇంగ్లండులో ఉంది. దుఃఖం గురించి మాట్లాడడానికి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్ఎస్ నడిపే మానసిక చికిత్స విభాగం టాకింగ్ థెరపీస్‌కు డాక్టరు చీటీ లేకుండా మీరే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇదంతా హార్మోన్ల గొడవ, మందు వేసుకుంటే వసుధ మాయమవుతుంది అని నేననడం లేదు. రెండున్నరేళ్లుగా సరైన నిద్ర లేని మనిషి పాతికేళ్ల కాపురం గురించి ఈ నెలలోనే తేల్చుకోకూడదని మాత్రం అంటున్నాను.

ఇల్లు వదలడం గురించి మీరు ధైర్యంగా అడగలేదు, అయినా అడిగారనే అనుకుని చెబుతాను. 2022 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండు, వేల్స్‌లలో విడాకులకు ఎవరి తప్పూ చూపించనక్కర్లేదు. దరఖాస్తు నమోదైన నాటినుంచి 20 వారాలు, మొదటి ఉత్తర్వు వచ్చాక మరో ఆరు వారాల పైచిలుకు గడువు ఉంటుంది. ఇల్లు ఇద్దరి పేరుమీదా ఉంటే, బయటికి వెళ్లినంత మాత్రాన మీ వాటా పోదు. పంపకాలలో ఇంటితో పాటు ఉద్యోగ పింఛనులు కూడా లెక్కకు వస్తాయి. చాలామంది ఆడవాళ్లు ఇంటిని పట్టుకుని పింఛనును వదిలేస్తారు, మీ వారి పింఛను ఇంటికన్నా పెద్దదై ఉండవచ్చు. ప్రభుత్వ పింఛను పూర్తిగా రావాలంటే కొత్త పద్ధతిలో సాధారణంగా 35 ఏళ్ల నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి ప్రభుత్వానికి కట్టే చందా) ఉండాలి. మీకు పదహారేళ్ల ఉద్యోగం ఉంది, పిల్లల పెంపకానికి ప్రభుత్వమిచ్చే చైల్డ్ బెనిఫిట్ మీ పేరున వచ్చి ఉంటే పిల్లలతో ఇంట్లో ఉన్న ఏళ్లూ కలుస్తాయి. ఈ లెక్క ఇవాళే చూసుకోండి. వెళ్లడానికైనా, ఉండడానికైనా అది పనికొస్తుంది. వెళ్లాలనుకుంటే న్యాయవాదితో ఒక గంట మాట్లాడాకే వెళ్లండి.

వెళ్లడం, ఉండడం అన్న రెండు తలుపులే కాకుండా మూడోది ఉంది. 1973లో డోరిస్ లెస్సింగ్ ‘ద సమ్మర్ బిఫోర్ ద డార్క్’ అని ఒక నవల రాసింది. కేట్ బ్రౌన్‌కు 45 ఏళ్లు, లండన్ ఇల్లాలు, ఒక వేసవిలో భర్తా పిల్లలూ తలో దిక్కుకూ పోతారు. పనిలో ఉన్న కూలీల ముందునుంచి ఆమె వదులు బట్టల్లో నడిచి వెళితే ఒక్కరూ తల ఎత్తరు, ఒంటికి సరిపోయే బట్టలు వేసుకుని తిరిగి వస్తే ఈలలు వేస్తారు. ఆఫీసులో మీరు గదిలోకి వచ్చినా ఎవరూ గమనించడం లేదని రాసినప్పుడు నాకు ఆ దృశ్యమే గుర్తొచ్చింది. చివరికి కేట్ ఇంటికే తిరిగి వెళుతుంది, జుట్టుకు రంగు మాత్రం ఇక వేసుకోదు. అలాంటి మార్పు మీ విషయంలో ఏది కావచ్చు? తెనాలిలో రెండు నెలలు ఉండి, అమ్మగారి ఇంటిని తీరిగ్గా సర్దడం కావచ్చు. ఉద్యోగంలో పనివేళలు మార్చమని అడగడం కావచ్చు. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ ఉద్యోగంలో చేరిన తొలి రోజు నుంచే ఆ హక్కు ఉంది. అడిగే హక్కు మాత్రమే, ఇచ్చి తీరాలన్న హక్కు కాదు. ఇవన్నీ చేసినా ఇంట్లో నిశ్శబ్దం అలాగే ఉండిపోతే, అప్పుడు గది అద్దెకు తీసుకోవడం తప్పు కాదు. అప్పుడు కనీసం వసుధను అనుసరించి వెళ్లినట్టుండదు.

ఇక అచ్చు సంగతి. ఉన్నది ఉన్నట్టు సొంత పేరుతో వేయిస్తే నవలకు ధైర్యసాహసాల పేరొస్తుంది, మీ కాపురానికి 27 వారాల పాటు పాఠకుల వ్యాఖ్యలొస్తాయి. ఉగాది సభలో మీ వారి పక్కన కూర్చున్నవాళ్లు “మీటరు అంకెలు రాశారా” అని హాస్యమాడతారు. దానిని ఆయన తట్టుకోగలరా అన్నది మీకే తెలుసు. కలం పేరు లోకం నుంచి కాపాడుతుందేమో గాని మీ ఇంట్లో ఎవరికీ చాటు కాదు. హారోలోని తెలుగువాళ్లకు అలాట్‌మెంట్, గోంగూర, తెనాలి ఈ మూడూ చాలు. ఆడపడుచు ఇప్పటికే ఫోన్ చేసింది కదా. పేర్లు మార్చినంత మాత్రాన పరువునష్టం చట్టం వర్తించకుండా పోదని కూడా తెలుసుకోండి, అయితే మీ విషయం కోర్టుల దాకా పోయేది కాదు. పక్క మడి పెద్దాయనకు తెలుగు రాదు, నవల ఎన్నటికీ చదవరు. అందుకే ఆయన పట్ల మరింత జాగ్రత్త అవసరం, తనను ఏం చేశారో ఆయనకు తెలిసే వీలు లేదు కనుక. ఆయన ఇంటినీ, వృత్తినీ, మోకాలినీ మార్చేయండి.

సొరుగులో పెట్టేయడం మూడో దారి. ఆడపడుచు సంతోషిస్తుంది. మీరు మాత్రం మీ అమ్మ పోయాక చేసిన ఒకే ఒక్క సొంత పనిని పరువు కోసం పూడ్చేశానన్న కోపాన్ని ఆయన మీదే చూపిస్తారు, ఆయనకు కారణం కూడా తెలియదు. ఈ దారిని నేను ఇష్టపడను. ఏడాది గడువడిగి తిరగరాయడం నాకు మెరుగ్గా కనిపిస్తోంది, కాని దీనికీ ఖర్చుంది. సంపాదకులు ఆగకపోవచ్చు, ఏడాది తర్వాత ఈ ఆవేశం మీలో ఉండకపోవచ్చు, తిరగరాసినది మెత్తబడి పాడయిపోనూ వచ్చు. మీ వారికి చూపించి ఆయన అనుమతితో వేయమని చెప్పను. అనుమతి తీసుకుని రాసిన నవల పెళ్లి శుభలేఖలా ఉంటుంది. వేయడానికి ముందు ఆయనకు తెలియాలి, కొట్టివేసే హక్కు మాత్రం ఆయనకు ఉండకూడదు. మీ అమ్మాయి మద్దతు మంచిదే గాని, చదవలేనివారి ఆమోదం తేలికగా దొరుకుతుంది. ఆమెకు ఇరవై మూడో అధ్యాయం మీరే చదివి వినిపించి, అప్పుడడగండి.

సంపాదకులకు ఈ వారమే రెండు వాక్యాల ఉత్తరం రాయండి: నవల మీదే, వేయించాలనే ఉంది, జవాబుకు మూడు నెలలు కావాలి. కారణం చెప్పనక్కర్లేదు.

మీ వారితో ఎక్కడ మొదలుపెట్టాలన్నది మిగిలింది. కుర్చీలో ఎదురుగా కూర్చోబెట్టి “మనం మాట్లాడుకోవాలి” అంటే అలాంటి మనిషి బిగుసుకుపోతాడు. ఆయన కారులో అడిగారు, గుర్తుందా, ఇద్దరూ ముందుకు చూస్తూ ఉన్నప్పుడు. బ్రిటన్‌లో గ్యాసు, కరెంటు ధరల పరిమితి మూడు నెలలకోసారి మారుతుంది, వాటిలో ఒక మార్పు జూలై 1న వస్తుంది. స్మార్ట్ మీటరు లేనివాళ్లు ముందురోజు అంకెలు పంపుకుంటే పాత ధరకు కాలినదెంతో, కొత్త ధరకు కాలినదెంతో తేడా తెలుస్తుంది. మీకన్నా ఆయనకే ఇది బాగా తెలుసు, అయినా ఆయన ఈసారి పుస్తకం తీయరు. జూన్ 30 సాయంత్రం మీరు తీయండి. మెట్ల కింది అలమర తెరిచి, టార్చి ఆయన చేతికిచ్చి, అంకెలు చదవమనండి. మీరు రాసుకోండి. మొదట గ్యాసు, తరువాత కరెంటు. రెండూ అయ్యాక, అలమర తలుపు మూసేలోపు, హీత్రోలో ఇచ్చిన డబ్బా సంగతి ఎత్తండి.